సంచి పట్టుకుని ఊరికే నిలబడితే చేయెందుకు లాగేస్తుంది?

రైతుబజారులో కూరగాయలు కొని, 5 కిలోల సంచిని మోచేయి వంచి పట్టుకుని బస్సు కోసం నిలబడ్డారనుకోండి. రెండు నిమిషాలకే చేయి బరువెక్కుతుంది. ఇంకాసేపటికి వణుకు మొదలవుతుంది, సంచి చేయి మార్చక తప్పదు. అదే సంచిని పక్కనున్న సిమెంటు బల్ల మీద పెడితే బల్లకు ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం దాకా మోస్తుంది, వదిలేస్తే మర్నాడు కూడా మోస్తుంది.

బడిలో చెప్పిన సూత్రం ప్రకారం పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణిస్తే వచ్చేది. సంచి అంగుళం కూడా కదల్లేదు కనుక దాని మీద చేయి చేసిన పని సున్నా. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఎవరో ఒకరు నవ్వే ఉంటారు. సూత్రంలో తప్పేమీ లేదు. సంచి మీద జరిగిన పని నిజంగానే సున్నా. మరి అలసట ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఎమ్మెస్సీ దాకా చదివిన భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఈ ప్రశ్న దగ్గర ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. జవాబు కండరం లోపల ఉంది. అక్కడ ఏం జరుగుతోందో శాస్త్రవేత్తలకు స్పష్టంగా తెలిసింది కూడా 20వ శతాబ్దం మధ్యలోనే.

తాడులో తాడు

మన ఒంట్లో ఎముకలను అంటిపెట్టుకుని 600కు పైగా కండరాలున్నాయి. శరీరం బరువులో దాదాపు 40 శాతం వీటిదే. గుండెలో ఉండే కండరం వేరే రకం. పేగులు, రక్తనాళాలు, గర్భాశయం గోడల్లో ఉండేది మూడో రకం. పాఠ్యపుస్తకాలు వీటిని రేఖిత, హృదయ, అరేఖిత కండరాలు అంటాయి. మూడింటిలోనూ లాగే యంత్రం ఒక్కటే, అమరికలోనే తేడా. సంచి మోసేది మొదటి రకం కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెప్పుకుందాం.

కొబ్బరి తాడును విప్పితే లోపల పురులు, పురిలో పీచు కనిపిస్తాయి. కండరం కూడా ఇలాగే ఉంటుంది. ఉడికిన చికెన్ ముక్కను వేళ్లతో చీలిస్తే పొడవాటి పోగులుగా విడిపోతుంది కదా, ఆ ఒక్కో పోగూ కొన్ని కండర తంతువుల కట్ట. కట్టలోని ఒక్కో తంతువు ఒకే ఒక్క జీవకణం. కణం అనగానే కంటికి కనిపించని గుండ్రటి చుక్క గుర్తొస్తుంది. ఇది మాత్రం వెంట్రుకంత సన్నగా ఉండి, కొన్ని కండరాల్లో 10 సెంటీమీటర్లు దాటి సాగుతుంది. పిండదశలో ఎన్నో చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఈ పొడవాటి కణం ఏర్పడుతుంది. అందుకే దానికి ఒకటి కాదు, వందల కొద్దీ కేంద్రకాలుంటాయి.

తంతువు లోపల మళ్లీ వందలు, వేల సన్నటి తంతుకాలు. ఒక్కో తంతుకం మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే ఒక మైక్రాన్. సూక్ష్మదర్శినిలో చూస్తే వీటి మీద ముదురు, లేత చారలు వరుసగా కనిపిస్తాయి. రేఖిత కండరం అన్న పేరు అందుకే వచ్చింది. ఈ చారల వరుసలో పదేపదే వచ్చే ఒక్క ముక్కను సార్కోమియర్ అంటారు. దీని పొడవు సుమారు 2.5 మైక్రాన్లు. కండరం చేసే పనంతా ఇక్కడే జరుగుతుంది. 10 సెంటీమీటర్ల తంతువులో ఇలాంటివి ఒకదాని వెనక ఒకటి 40,000 ఉంటాయి. ఒక్కోటీ అర మైక్రాన్ పొట్టిదైతే చాలు, తంతువు మొత్తం 2 సెంటీమీటర్లు తగ్గుతుంది.

కండరం చివర్లు ఎముకకు నేరుగా అతుక్కోవు. తెల్లటి గట్టి పట్టీల్లాంటి స్నాయుబంధనాలు వాటిని కలుపుతాయి. మడమ వెనక చేత్తో తడిమితే తగిలేది అదే. మన వాడుకలో దీన్నీ నరమే అంటాం, రక్తం పారే సిరనూ నరమే అంటాం, మెదడు కబురు మోసే నాడినీ నరమే అంటాం. అర్ధరాత్రి పిక్క బిగుసుకుపోతే "నరం పట్టేసింది" అంటాం. అప్పుడు పట్టేసేది కండరం.

లాగడమే తెలుసు

కండరానికి లాగడం తప్ప నెట్టడం రాదు. అందుకే కీలు దగ్గర కండరాలు జంటలుగా పనిచేస్తాయి. దండ ముందువైపున్న కండరం మోచేతిని ముడుస్తుంది, వెనకవైపుది చాపుతుంది. గోడను మీరు చేత్తో నెట్టినప్పుడు కూడా లోపల జరిగేది లాగడమే. వెనక కండరం మోచేతిని లాగి చాపుతుంటే, దాని ఫలితం గోడ దగ్గర నెట్టుడుగా కనిపిస్తుంది.

సంచి లెక్క ఇక్కడ ఆసక్తికరంగా మారుతుంది. దండ ముందువైపు కండరం ముంజేతి ఎముకకు అతికే చోటు మోచేతి కీలు నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. సంచి ఉన్న అరచేయి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. తులాదండ సూత్రం వేస్తే 5 కిలోల సంచిని ఆపడానికి కండరం 35 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. ముంజేతి సొంత బరువు దీనికి అదనం. నష్టపు బేరంలా కనిపిస్తుంది గానీ, దీనివల్ల మరో లాభముంది. కండరం ఒక్క సెంటీమీటరు పొట్టిదైతే అరచేయి 7 సెంటీమీటర్లు కదులుతుంది. క్రికెట్ బంతిని అంత వేగంగా విసరగలుగుతున్నామంటే ఈ అమరిక వల్లే. మన శరీరం బలాన్ని ఖర్చుపెట్టి వేగాన్ని కొనుక్కుంది.

చేదబావి దగ్గర రెండు చేతులు

సార్కోమియర్ ఎలా పొట్టిదవుతుంది? రబ్బరులా ముడుచుకుంటుందనీ, లోపలి ప్రొటీన్ పోగులు స్ప్రింగులా చుట్టుకుంటాయనీ చాలాకాలం అనుకున్నారు. 1954 మేలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధన పత్రాలు అచ్చువేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకు ఏ బంధుత్వమూ లేదు, విడివిడిగా పనిచేశారు. చెప్పింది మాత్రం ఒకటే. కండరం కుంచించుకున్నప్పుడు ముదురు చారల వెడల్పు మారడం లేదు, లేత చారలే సన్నబడుతున్నాయి. అంటే పోగులు ఏవీ పొట్టివి కావడం లేదు. మందపాటి పోగుల మధ్యలోకి సన్నటి పోగులు జారిపోతున్నాయి.

మందపాటి పోగు మయోసిన్ అనే ప్రొటీన్‌తో అయింది. సన్నటి పోగులో ప్రధానమైంది ఆక్టిన్. మయోసిన్ పోగు ఒళ్లంతా చిన్న చిన్న తలలు పొడుచుకుని ఉంటాయి, ఒక్కో పోగుకు సుమారు 300. ఒక తల పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుంటుంది, మెడ వంచినట్లు వంగి లాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ కాస్త ముందుకు వెళ్లి పట్టుకుంటుంది.

చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఒక చేయి తాడును పట్టి లాగుతుంది, రెండో చేయి ముందుకు వెళ్లి తాడును అందుకుంటుంది, అప్పుడు మొదటి చేయి వదులుతుంది. రెండు చేతులూ ఒకేసారి వదిలితే చేద మళ్లీ నీళ్లలో పడుతుంది. మయోసిన్ తలలు కూడా అన్నీ ఒకేసారి వదలవు. ఏ క్షణం చూసినా కొన్ని పట్టుకుని ఉంటాయి, కొన్ని వదిలి మరో పట్టు కోసం చూస్తుంటాయి.

ఒక తల ఒక్కసారి లాగితే పోగు జరిగేది 5 నుంచి 10 నానోమీటర్లు. మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా ఎక్కువ కాదు. దాని బలం కొన్ని పికోన్యూటన్లు మాత్రమే. 3 పికోన్యూటన్లు అనుకుని మన సంచి లెక్క వేద్దాం. 35 కిలోల బరువంటే సుమారు 350 న్యూటన్లు. దాన్ని 3 పికోన్యూటన్లతో భాగిస్తే, కండరాన్ని అడ్డంగా ఎక్కడ చూసినా పక్కపక్కన లాగుతున్న తలలు దాదాపు కోటి కోట్లు ఉండాలి. ఒక కూరగాయల సంచికి కోటి కోట్ల చేతులు!

పట్టు విడవడానికే ఇంధనం

ఈ తలలకు ఇంధనం ఏటీపీ అనే చిన్న అణువు. దాన్ని విడగొడితే శక్తి వస్తుంది. ఆ శక్తితో తల లాగుతుందని మనం సహజంగానే అనుకుంటాం. మొత్తం లెక్కలో అది నిజమే గానీ వరుస మాత్రం ఊహించినట్లు ఉండదు. లాగడం పూర్తయిన తల ఆక్టిన్‌కు గట్టిగా అతుక్కుపోతుంది. కొత్త ఏటీపీ అణువు వచ్చి తల మీద కూర్చుంటేనే ఆ పట్టు వదులుతుంది. వదిలాక ఏటీపీ విడిపోయి, ఆ శక్తితో తల ఎక్కుపెట్టిన విల్లులా మళ్లీ సిద్ధమవుతుంది. తర్వాత పట్టు దొరకగానే విల్లు వదిలినట్లు లాగుతుంది. కాబట్టి ఏటీపీ లేకపోతే కండరం వదులైపోదు, బిగుసుకుపోతుంది.

మరణించిన శరీరం కొయ్యబారడానికి కారణం ఇదే. ప్రాణం పోయాక కొత్త ఏటీపీ తయారీ ఆగుతుంది. ఉన్నది అయిపోగానే తలలు ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. కొద్ది గంటల్లో దవడ, మెడ దగ్గర బిగుతు తెలుస్తుంది. సుమారు 12 గంటలకు ఒళ్లంతా పాకుతుంది. వేసవిలో ఇంకా త్వరగా వస్తుంది. ఒకటి రెండు రోజులకు ప్రొటీన్లే విచ్ఛిన్నమవడం మొదలై మళ్లీ వదులవుతుంది. మన ఇళ్లలో చనిపోయినవారి కాలి బొటనవేళ్లు కలిపి కట్టడం, దవడకు గుడ్డ కట్టడం ఆలస్యం చేయరు. ఆచారానికి ఎవరి అర్థాలు వారికి ఉండవచ్చు. బిగుసుకున్నాక ఆ పని కుదరదన్నది మాత్రం పెద్దవాళ్లు చూసి తెలుసుకున్న విషయమే.

ఇప్పుడు సంచి ప్రశ్నకు రావచ్చు. బావిలో చేదను సగం దూరంలో ఆపి ఉంచాలంటే మనం రెండు చేతులతో తాడును బిగించి ఊరుకుంటాం. మయోసిన్ తలకు ఆ వీలు లేదు. చుట్టూ ఏటీపీ ఉన్నంతసేపూ ఏదో ఒక అణువు వచ్చి దాని పట్టు విడిపిస్తూనే ఉంటుంది. వదిలిన తల మళ్లీ పట్టుకోవాలి, మళ్లీ లాగాలి. సంచి కదలకపోయినా లోపల కోటి కోట్ల తలలు పట్టుకోవడం, లాగడం, వదలడం ఆపవు. ప్రతి విడతకూ తలకొక ఏటీపీ ఖర్చు. సంచికి అందే పని సున్నా, ఖర్చయిన శక్తంతా వేడిగా పోతుంది. బల్లలో ఇలాంటి చేతులు లేవు. అందుకే దానికి ఖర్చూ లేదు, అలసటా లేదు.

పైగా కదలకుండా పట్టుకున్నప్పుడు ఇంకో కష్టముంది. బిగిసిన కండరం తన మధ్యలోంచి వెళ్లే రక్తనాళాలనే నొక్కేస్తుంది. నడిచేటప్పుడు కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటుంది కాబట్టి రక్తం వచ్చిపోతుంది. సంచి పట్టుకున్న చేతికి ఆ విరామం దొరకదు. కిలోమీటరు నడిచిన కాళ్లకన్నా ఊరికే నిలబడ్డ చేయి ముందు మొరాయించడం అందుకే.

ప్రకృతిలో బల్లలాంటి కండరం లేకపోలేదు. ఆల్చిప్పను చేత్తో విప్పడానికి ప్రయత్నించారా? రెండు చిప్పలనూ మూసి ఉంచే కండరం ఒకసారి బిగిశాక గంటల తరబడి అతి తక్కువ శక్తితో అలాగే ఉండిపోతుంది. మన రక్తనాళాల గోడల్లోని అరేఖిత కండరానికి కూడా కొంతవరకు ఈ విద్య తెలుసు. దానికి బదులు అవి మెల్లగా కదులుతాయి. పులి కనిపిస్తే పరిగెత్తాల్సిన కాళ్లకు ఆ బేరం గిట్టుబాటు కాదు.

నాడి తెచ్చే కబురు

మరి తలలు ఎప్పుడూ పట్టుకునే ఎందుకు ఉండవు? ఆక్టిన్ పోగు మీద పట్టు దొరికే చోట్లను ట్రోపోమయోసిన్ అనే సన్నటి ప్రొటీన్ దారం కప్పి ఉంచుతుంది. కాల్షియం వస్తేనే ఆ ముసుగు జరుగుతుంది. కాల్షియాన్ని పట్టుకునే ట్రోపోనిన్‌ను 1960లలో జపాన్ శాస్త్రవేత్త సెట్సురో ఎబాషి కనుగొన్నారు. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వెళ్తే చేసే ట్రోపోనిన్ పరీక్ష ఈ కుటుంబానిదే. గుండె కండరం దెబ్బతింటే దానిలోని ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుంది.

వెన్నుపాము నుంచి వచ్చే నాడి కొన చిన్న చిన్న కొమ్మలుగా చీలి ఒక్కో తంతువునూ తాకుతుంది. అక్కడ అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని చిమ్ముతుంది. తంతువు పైపొరలో విద్యుత్తు అలలా పాకుతుంది. లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి దూకుతుంది. పని అయ్యాక ఆ కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడిపోయడానికి కూడా ఏటీపీ కావాలి. కదలకుండా బరువు పట్టుకున్నప్పుడు అయ్యే ఖర్చులో సుమారు మూడో వంతు ఈ తోడిపోతకే.

ఒక నాడి కింద ఎన్ని తంతువులుంటే అంత మోటు పని జరుగుతుంది. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కో నాడికి పదో పాతికో తంతువులు. పిక్కలో అదే వెయ్యి దాటుతుంది. సంచి పట్టుకున్నప్పుడు ఈ బృందాలు వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి సడలుతుంటే మరొకటి బిగుస్తుంది. ఆ చప్పుడు మీరు వినవచ్చు కూడా. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రెండు బొటనవేళ్లూ చెవుల్లో పెట్టి, పిడికిళ్లు గట్టిగా బిగించండి. దూరంగా లారీ వెళ్తున్నట్లు ఒక గుర్రు వినిపిస్తుంది. పిడికిలి వదిలితే తగ్గుతుంది. అది మీ కండరాల చప్పుడు. అలసిపోయిన చేయి వణకడం మొదలుపెట్టిందంటే బృందాల మధ్య వంతులు సరిగా కుదరడం లేదని అర్థం.

ఈ నాడీ కండర కూడలి ఎంత కీలకమో మన పొలాల్లో తిరిగే పాములకు తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో. నాగుపాము విషంలోని ఒక రకం ప్రొటీన్లు అసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన చోట తామే కూర్చుంటాయి. కట్లపాము విషం అంతకన్నా లోతుకు వెళ్తుంది, నాడి కొననే పాడుచేస్తుంది. ఏటీపీ ఉంటుంది, కాల్షియం ఉంటుంది, తలలూ ఉంటాయి. కబురే అందదు. ముందుగా కనురెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, మింగడం కష్టమవుతుంది. చివరికి ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండి శ్వాసను నడిపే డయాఫ్రం ఆగిపోతుంది. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోతున్న మనిషిని నిద్రమత్తు అనుకుని వదిలేస్తే ప్రాణం పోవచ్చు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలు ఏడాదికి సగటున 58,000 అని అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాము కాటేసిందనే అనుమానమున్నా మంత్రం దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు మందు, అవసరమైతే వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కూడలి కోలుకునే దాకా యంత్రంతో ఊపిరి అందిస్తే మనిషి బతికే అవకాశం బాగా ఉంటుంది.

నీలిరంగు ఆలస్యంగా వచ్చింది

ఏటీపీ అనే పేరు ఇంతవరకు తేలిగ్గా వాడేశాను. దాన్ని కండరంలో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశారు.

అప్పట్లో కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని నమ్మేవారు. కండరాల మీద పరిశోధనకు ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్క్, సుబ్బారావులు పెట్టుకున్న పని ఇంకా చిన్నది. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి కావాలి. 1925లో దాన్ని సాధించారు. ద్రావణం నీలిరంగుకు మారుతుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ పద్ధతిని వాళ్ల పేర్లతోనే పిలుస్తారు.

ఇదే పరీక్షను కండరం సారం మీద చేస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లగా వచ్చింది. ఇంకొకరైతే గడియారం చూసి కాసేపు ఆగి, అంకె రాసుకుని ఊరుకునేవారు. ఆ ఆలస్యాన్ని వీళ్లు వదల్లేదు. ఫాస్ఫేటు విడిగా లేదు, త్వరగా విరిగిపోయే ఏదో పదార్థంలో ఇరుక్కుని ఉంది, పరీక్షలోని ఆమ్లానికి అది కొంచెం కొంచెంగా విరుగుతోంది! ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాని ఆనవాలు పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఆ మరుసటి ఏడాది డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారవకుండా విషమిచ్చిన కండరం కూడా కుంచించుకోగలదని చూపించారు. పాత సిద్ధాంతం కూలిపోయింది. దాని తరఫున నోబెల్ అందుకున్న హిల్ దీన్ని విప్లవమని పేర్కొంటూ 1932లో వ్యాసం రాశారు. అంత హుందాగా ఓటమి ఒప్పుకోవడం శాస్త్రంలోనూ అరుదే.

ఈ రెండు పదార్థాలకూ కండరంలో చెరో పాత్ర ఉంది. ఏటీపీ చేతి ఖర్చుకు ఉంచుకున్న చిల్లర లాంటిది. కండరంలో ఉన్నదంతా కలిపినా గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. అయిపోతున్న ఏటీపీని అక్కడికక్కడే తిరిగి తయారుచేసేది ఫాస్ఫోక్రియాటిన్. అది సుమారు 10 సెకన్ల పాటు ఆదుకుంటుంది. ఆ తర్వాత గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విడగొట్టే దారి, నెమ్మదిగా అందుకునే ఆక్సిజన్ దారి. 100 మీటర్ల పరుగు మొదటి రెండింటి ఆట, మారథాన్ చివరిదాని ఆట.

మెట్లు దిగిన మర్నాడు

లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతం ప్రయోగశాలలో పోయినా జిమ్ముల్లో ఇంకా బతికే ఉంది. వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు పుడితే "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది" అంటారు. వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే అది రక్తంలోంచి మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాడు పుట్టే నొప్పికి అది కారణం కాలేదు.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవాళ్లు ఆయాసపడతారు. అదే దారిలో దిగి వచ్చినవాళ్లు మాత్రం మర్నాడు కుర్చీలో కూర్చోవడానికి కూడా తొడలు పట్టుకుంటారు. దిగేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకోవడానికి ప్రయత్నిస్తుంటే, శరీరం బరువు దాన్ని బలవంతంగా సాగదీస్తుంది. చేద లాగుతున్న మనిషి చేతుల్లోంచి తాడు కిందికి జారుతున్నట్లు. ఆ సాగుడులో కొన్ని సార్కోమియర్లు చెదురుతాయి. మరమ్మతుతో పాటు వాపు వస్తుంది, నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువగా ఉంటుంది. కొద్ది రోజులకు మళ్లీ అదే మెట్లు దిగితే అంత నొప్పి ఉండదు.

మరమ్మతు చేసేవి శాటిలైట్ కణాలు. తంతువు అంచున నిద్రాణంగా ఉండే వీటిని 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుర్తించారు. దెబ్బ తగిలినప్పుడు ఇవి మేల్కొని, విభజన చెంది, తంతువులో కలిసిపోతాయి. బరువులు ఎత్తితే కండ పెరగడమంటే ప్రధానంగా ఉన్న తంతువులే లావెక్కడం. కొత్త తంతువులు పుట్టడం కాదు.

కరిగిపోయే కండ

వాడని కండను శరీరం దాచిపెట్టదు. దాన్ని పోషించడం ఖరీదైన వ్యవహారం. 30 ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండరం తగ్గుతుంది. 60 దాటాక వేగం ఇంకా పెరుగుతుంది. వేగంగా బిగుసుకునే తంతువులు ముందు తగ్గుతాయి. బాత్రూములో కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి కావాల్సినవి సరిగ్గా అవే. పెద్దవాళ్లు పడి తుంటి ఎముక విరిగిందని విన్నప్పుడు మనం ఎముకనే తప్పుపడతాం. పడకుండా ఆపాల్సింది కండరమని గుర్తుచేసుకోం.

దీనికి చక్కెర వ్యాధితోనూ సంబంధముంది. ఇన్సులిన్ పిలుపుతో రక్తంలోంచి కణాల్లోకి వెళ్లే గ్లూకోజులో ఎక్కువ భాగం చేరేది అస్థి కండరాల్లోకే. అంతకన్నా విశేషమేమిటంటే, కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు లేకపోయినా గ్లూకోజును లోపలికి తీసుకునే తలుపులు తెరుచుకుంటాయి. భోజనం చేశాక కాసేపు నడవమని డాక్టర్లు చెప్పడం వెనక ఉన్నది ఇదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది ఉన్నారని అంచనా వేసింది. పైగా మన దేశంలో చూడ్డానికి సన్నగా ఉన్నవారిలో కూడా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండటం మామూలేనని పుణె పరిశోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. తూకం యంత్రం ఈ తేడాను చూపించదు.

వయసు మీద పడ్డాక ఇక చేసేదేమీ లేదని చాలామంది అనుకుంటారు. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. బోస్టన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న 10 మంది, సగటు వయసు 90. డాక్టర్ల పర్యవేక్షణలో 8 వారాల పాటు తొడ కండరాలతో బరువులెత్తించారు. తొమ్మిది మంది చివరి దాకా చేశారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ మధ్యలో కండరం అడ్డుకోత వైశాల్యం 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడవగలిగారు. వ్యాయామం ఆపిన 4 వారాలకు మళ్లీ పరీక్షిస్తే బలం 32 శాతం తగ్గిపోయి ఉంది.